నోరు తెరిపించడం నేర్పిన రోజులు

క్యాన్సర్ వైద్యంలోకి, పరిశోధనలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడు ముందుగా అడిగేది సిలబస్ గురించే. ఏ పాఠం ముందు చెప్పేవారు, ఎన్నాళ్ళు చెప్పేవారు, పరీక్ష ఎవరు పెట్టేవారు అని. వాటికి నా దగ్గర జవాబులున్నాయి, చెప్తాను. కానీ గోదావరిఖనిలో నేను చేసిన పని సిలబస్ రాయడం కాదు. జబ్బుతో వచ్చిన మనిషిని ఎవరి తర్వాత ఎవరు చూడాలి, చూసిన డాక్టరు ఏం నేర్చుకున్నాక తర్వాతి గదికి వెళ్ళాలి, అక్కడినుంచి మళ్ళీ ఆ మనిషి దగ్గరికే ఎట్లా తిరిగి రావాలి, ఈ దారి వేయడం నా పని. పుస్తకాల్లో అప్పటికి అట్లాంటి దారి నాకు దొరకలేదు. ఉన్నవి పెద్ద నగరాల దవాఖానలకు పనికొచ్చేవి.

నాది మంథని. మా ఇంట్లో మగవాళ్ళు కొందరు గుడిలో, కొందరు బడిలో పనిచేసేవారు. నేను హైదరాబాద్‌లో వైద్యం చదివి, అక్కడే కొంతకాలం మైక్రోస్కోపు ముందు కూర్చుని జబ్బుపడ్డ కండముక్కలను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. అరవైలలో బొగ్గుబావుల దగ్గరి దవాఖానకు డాక్టర్లు కావాలంటే వచ్చాను. ఇంటికి దగ్గరన్నది ఒక కారణం. పట్నంలో నా పైన చాలామంది ఉండడం, ఇక్కడ దాదాపు ఎవరూ లేకపోవడం అసలు కారణం. ఆ లెక్క నాకు బాగానే కలిసివచ్చింది.

ఓదెలు

బావిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు. లోపల గ్యాసు ఉంటుంది. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. అందుకని బయట బీడీ తాగేవాళ్ళు కూడా లోపల తంబాకులో, అంటే పొగాకులో, సున్నం నలిపి బుగ్గలో పెట్టుకునేవారు. షిఫ్టు అయ్యేదాకా అది అక్కడే నానుతూ ఉండేది. అది నానే చోట చర్మం తెల్లబడేది. కొందరికి ఆ తెలుపు గట్టిపడి పుండయ్యేది. అన్ని తెల్ల మచ్చలూ క్యాన్సర్ కావు. కొన్ని అవుతాయి. ఏవి అవుతాయో ముందే కనిపెట్టడం మా చేతిలో ఉన్న పని. మేము అది చేయట్లేదని ఓదెలు వచ్చాక నాకు తెలిసింది.

ఓదెలు బావిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపే పని చేసేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి అతని నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. మెడలో గడ్డలు కట్టాయి. భార్య మల్లవ్వ అతని పక్కన నిలబడి, అతని బదులు తానే మాట్లాడింది. నోటి పుండు అని ఎన్నో నెలలుగా తిరుగుతున్నారు. ఒకరు ఊదారంగు మందు పూశారు, ఒకరు బలం గోలీలు రాశారు, ఒకరు పన్ను పీకించారు. ప్రతిసారీ వేరే డాక్టరు. ప్రతి డాక్టరుకూ అతను కొత్త రోగి.

"ఇన్నిసార్లు అచ్చినం డాక్టరమ్మా, ఒక్కలన్నా నోట్లె ఏలు వెట్టి సూడలే," అంది మల్లవ్వ. కోపంగా అనలేదు. జరిగింది చెప్పింది.

పట్నం పంపించాం. అక్కడివాళ్ళు చేయగలిగిందేమీ లేదని తిప్పి పంపారు. ఓదెలు ఇంట్లోనే పోయాడు. ఆ డాక్టర్లు చెడ్డవాళ్ళు కారు. నాకు వాళ్ళందరూ తెలుసు. విరిగిన తొడ ఎముకకు కర్ర కట్టడంలో వాళ్ళంత చేయి తిరిగినవాళ్ళు చాలా తక్కువ. నోట్లో క్యాన్సర్ ఎట్లా మొదలవుతుందో వాళ్ళకు ఎవరూ చూపించలేదు. చదువుకునేటప్పుడు వాళ్ళు చూసినవన్నీ ఓదెలులాగా ముదిరిపోయినవే. మొదలు ఎట్లా ఉంటుందో చూడనివాడు మొదట్లో గుర్తుపట్టలేడు. మనిషిని మార్చితే ఇది బాగుపడదు, నేర్పే పద్ధతిని మార్చాలనిపించింది.

కెప్టెన్ సార్

మా పెద్ద డాక్టరు అంతకుముందు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. అందరూ కెప్టెన్ సార్ అనేవారు. నేను పనిచేసిన పైఅధికారుల్లో అందరికంటే మొండివాడు, అందరికంటే నమ్మదగినవాడు ఆయనే. ఆయనను ఒక విషయానికి ఒప్పించడం ఎంత కష్టమో, ఒప్పుకున్న తర్వాత ఆయనతో దాన్ని వదిలించడం అంతకంటే కష్టం.

ఇద్దరు డాక్టర్లకు క్యాన్సర్‌ను ముందే పట్టుకునే శిక్షణ ఇస్తానని అడిగాను. ఆయన వినకముందే తల అడ్డంగా ఊపారు.

"బావి కప్పు కూలి దెబ్బలతో మనుషులు వస్తుంటే కట్లు కట్టేటందుకే నా దగ్గర డాక్టర్లు చాల్తలేరు. మీరు ఇద్దరిని నోళ్ళు చూసేటందుకు ఇయ్యమంటున్నరు."

"ఇయ్యమనడం లేదు సార్. మీ డ్యూటీ చేస్తూనే నేర్చుకుంటరు. కాలు విరిగి వచ్చినోనికి కూడా నోరుంటది."

ఆయన నవ్వలేదు గానీ పెన్ను కింద పెట్టారు. ఎమర్జెన్సీ డ్యూటీలో ఒక్క గంట కూడా తగ్గకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నారు. ఆ షరతు నాకు మేలే చేసింది. శిక్షణకు విడిగా గది, విడిగా సమయం ఉంటే అది ఏడాదిలోపల ఎండిపోయేది. రోజువారీ పనిలోనే దాన్ని ఇరికించాల్సి రావడంతో వేళ్ళు పట్టింది.

దారి తిరగేసి వేశాం

మొదట అందరూ చేసేదే చేశాం. ఇద్దరు కుర్ర డాక్టర్లను వాళ్ళ సెలవుల్లో ముందు పట్నంలోని క్యాన్సర్ దవాఖానకు పంపాం. ఒకరు అక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపోయారు. రెండోవారు తిరిగి వచ్చి, కరెంటు పెట్టే యంత్రం లేనిదే ఇక్కడ ఏమీ చేయలేమని చెప్పి, మళ్ళీ ఊదారంగు మందే పూయడం మొదలుపెట్టారు. కరెంటు అంటే రేడియేషన్. మా దగ్గర అందరూ అట్లాగే అంటారు. పట్నంలో ఆయన చూసిందంతా చివరి దశ జబ్బు, పెద్ద యంత్రాలు. అవి రెండూ మా దగ్గర చేయాల్సిన పనికి సంబంధించినవి కావు.

కాబట్టి దారిని తిరగేశాను. ముందు ఇక్కడే. వచ్చిన ప్రతి రోగి నోట్లో దీపం వేసి చూడడం, వేలితో బుగ్గ లోపల, నాలుక కింద తడిమి మెత్తదనానికీ గట్టిదనానికీ తేడా తెలుసుకోవడం. అది చేతికి అలవాటయ్యాక ముక్క తీయడం. తీసిన ముక్కను తనే నా గదికి తెచ్చి, గాజుపలక మీద అది తయారయ్యేదాకా ఉండి, నాతోపాటు మైక్రోస్కోపులో చూడడం. తన వేలికి తగిలింది కంటికి ఎట్లా కనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాతే పట్నం, అదీ తాను పట్టుకున్న రోగితో కలిసి రైలెక్కి. వైద్యం అయ్యాక మళ్ళీ ఆ రోగి ఇంటికి వెళ్ళి, ఏం తింటున్నాడో, ఎట్లా మాట్లాడుతున్నాడో చూసి వస్తే ఆ చుట్టు పూర్తయినట్టు.

ఈ దారిలో మొదటినుంచి చివరిదాకా నడిచిన మొదటి డాక్టరు సులోచన. తండ్రి బెల్లంపల్లిలో బావి పని చేసినవాడు. ఆమె వరంగల్‌లో చదువుకుని వచ్చింది. అయినదానికీ కానిదానికీ ఎందుకు అని అడిగేది. నాకు మొదట్లో కొంచెం విసుగుగా ఉండేది. తర్వాత అర్థమైంది, ఎందుకు అని అడగని వాళ్ళకు నేర్పడం సులువు, నేర్పి లాభం ఉండదు.

రఘురాం

డెబ్బైలు మొదలయ్యాక పట్నంలోని ఒక పరిశోధన సంస్థ రఘురాం అనే యువకుణ్ణి మా దగ్గరికి పంపింది. సైన్సు చదివినవాడు, డాక్టరు కాదు. తంబాకు వాడకానికీ నోటి మచ్చలకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టడం అతని పని. బావుల దగ్గర మనుషుల నోళ్ళు చూసి వివరాలు రాసుకునేవాడు. చురుకైనవాడు, శుభ్రంగా పనిచేసేవాడు. వచ్చిన కొద్దిరోజులకే మచ్చలను మా కొందరు డాక్టర్లకంటే బాగా గుర్తుపట్టేవాడు.

ఒకరోజు సులోచన ఓపీలో రాజలింగు అనే కార్మికుణ్ణి చూసింది. బావిలో కప్పు నిలబెట్టే కర్రలు బిగించే పని అతనిది. చేతికి దెబ్బ తగిలి వచ్చాడు. అలవాటుగా నోరు చూస్తే బుగ్గలో తెల్ల మచ్చ, మధ్యలో చిన్న పుండు. ఎవరన్నా చూశారా అని అడిగితే, పట్నం సారు పోయిన నెలలోనే చూసి రాసుకుపోయాడని చెప్పాడు. ఏమన్నాడని అడిగింది. ఏమీ అనలేదన్నాడు.

సులోచన అతన్ని కూర్చోబెట్టి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను రఘురాంను పిలిపించాను. అతనికి తాను తప్పు చేసినట్టు అనిపించలేదు.

"నేను డాక్టర్ని కాదు మేడమ్. సగం తెలిసి చెప్తే భయపెట్టినట్టయితది. మా సారు చూసి రాసుకుని రమ్మన్నరు."

అతను చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. సగం తెలిసినవాడు రోగులతో మాట్లాడి చేసే హాని నేను చూశాను. అయినా పుండు చూసి మౌనంగా వెళ్ళిపోవడం సైన్సు అనిపించుకోదు. చెప్పడం రాకపోతే, చెప్పగలిగేవాళ్ళ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. ఆ రోజే అతని లెక్కింపు ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు సులోచన పక్కన ఓపీలో కొన్ని నెలలు కూర్చోవాలన్నాను. అతని గురువుకు కోపం వచ్చింది, కెప్టెన్ సార్‌కు ఫోను చేశారు. కెప్టెన్ సార్ విని, ఇక్కడ నోళ్ళ పని డాక్టరమ్మ చూస్తుందని చెప్పి ఫోను పెట్టేశారు.

అప్పటినుంచి ఈ నియమం ఖాయమైంది. క్యాన్సర్ డాక్టరు కావాలనుకునేవాడు రఘురాంలాగా బావుల దగ్గరికి వెళ్ళి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నోళ్ళు కూడా చూడాలి. పరిశోధకుడు కావాలనుకునేవాడు ఓపీలో కూర్చోవాలి. ఒకరికి జబ్బులేనివాళ్ళు ఎట్లా ఉంటారో తెలియదు, ఒకరికి జబ్బున్నవాడు ఏం అడుగుతాడో తెలియదు.

అన్‌ఫిట్ భయం

రాజలింగు బుగ్గలోంచి ముక్క తీయాలని సులోచన చెప్పింది. అతను రేపు వస్తానని వెళ్ళి, రాలేదు. ఆ వారంలోనే బావుల దగ్గర కూడా మనుషులు మా డాక్టర్లకు నోరు తెరవడం మానేశారు.

కారణం సులోచనే తెలుసుకుని వచ్చింది. ఒక బావి మేనేజరు తెల్ల మచ్చలున్నవాళ్ళ పేర్లు తనకు పంపమని అడిగాడు. ఆ మాట బయటికి పొక్కింది. మచ్చ ఉంటే అన్‌ఫిట్ రాసి నౌకరీలోంచి తీసేస్తారని పుకారు లేచింది. నేను బావి దగ్గరికి వెళ్ళి మాట్లాడబోతే ఒక పెద్దాయన మర్యాదగానే అడ్డుపడ్డాడు.

"పండ్లు మంచిగనే ఉన్నయి డాక్టరమ్మా, అన్నం తింటున్న. ఇంకేం సూస్తరు నా నోట్ల? నా నౌకరి సూస్తరా?"

పేర్లు ఇవ్వనని నేను అనొచ్చు, కానీ ఆ మాట నిలబెట్టే అధికారం నాది కాదు. వెళ్ళి కెప్టెన్ సార్‌తో చెప్పాను. పేర్లు బయటికి వెళ్తే శిక్షణ అక్కడితో ఆగిపోతుందని, రాజలింగు లాంటివాళ్ళు దాక్కుని చచ్చిపోతారని చెప్పాను. ఆయన మేనేజరుకు తనే ఫోను చేసి, రోగి పేరు దవాఖాన దాటదని చెప్పారు. పని మార్చాల్సివస్తే ముందు ఆ మనిషితో మాట్లాడుతామని, ఆ తర్వాతే ఆఫీసుతో అని కూడా చెప్పారు. అవతల గొంతు పెరిగింది. ఈయన గొంతు పెరగలేదు.

మర్నాడు మొదటి షిఫ్టు దిగే వేళకు ఆయనే మాతో బావి దగ్గరికి వచ్చారు. లైనులో నిలబడ్డ మనుషుల ముందు స్టూలు వేయించుకుని కూర్చుని, టోపీ తీసి, సులోచనను పిలిచి నోరు తెరిచారు. ఆమె దీపం వేసి మొత్తం చూసింది, వేలితో తడిమింది. ఆయన లేచి, పేర్లు ఆఫీసుకు పోవని, పోతే తనను అడగమని, తాను ఉండేది ఇక్కడేనని చెప్పారు. తర్వాత నన్ను అడ్డుకున్న పెద్దాయనే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

బతుకుతనా

రాజలింగు ఆ వారం చివర తనంతట తానే వచ్చాడు. ముక్క తీశాం. మైక్రోస్కోపులో సందేహం లేదు, క్యాన్సరే. ఇంకా చిన్నది, మెడలో ఏమీ లేదు.

నా శిక్షణలో చివరి పరీక్ష కాగితం మీద ఉండేది కాదు. నేర్చుకుంటున్నవాడు రోగికి విషయం చెప్పాలి. అతను బయటికి వెళ్ళాక, ఏం అర్థమైందో రోగి నాకు చెప్పాలి. రోగి చెప్పింది సరిగా ఉంటేనే వాడు పాసు. ఈసారి రఘురాం చెప్పాలన్నాను. సులోచన ఆశ్చర్యపోయింది. మౌనంగా వెళ్ళిపోయింది అతనే కాబట్టి అతనే చెప్పాలని నా పట్టు. నేను గదిలో ఒక మూల కూర్చున్నాను.

రఘురాం రాజలింగు ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో కాగితం లేదు.

"రాజలింగన్నా, ముక్క పరీక్షల అది రాచపుండని తేలింది. చిన్నగున్నది. ఇప్పుడైతే కోసి తీసెయ్యొచ్చు."

రాజలింగు తన దెబ్బతగిలిన చేతి మీది కట్టు సర్దుకున్నాడు.

"బతుకుతనా?"

రఘురాం నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

"బతుకుతవనే అనుకుంటున్న. మాట మాత్రం ఇయ్యలేను. ఆలస్యమైతే ఎవరి చేతుల ఉండదు."

"మరి నౌకరి?"

"అది నాకు తెల్వదన్నా. కెప్టెన్ సార్‌ను అడిగి ఇయ్యాల పొద్దుమీకకముందే చెప్త."

అతను వెంటనే లేచి వెళ్ళి అడిగి వచ్చాడు. వైద్యం అయ్యాక బావి కిందికి పంపరని, పైన పని ఇప్పించడానికి కెప్టెన్ సార్ తానే పూనుకుంటానన్నారని చెప్పాడు. తర్వాత అతన్ని బయటికి పంపి, ఏం అర్థమైందని రాజలింగును అడిగాను.

"నోట్ల రాచపుండు వట్టింది. పట్నంల కోస్తరు. బతుకొచ్చు, సావొచ్చు. ఆగితే మాత్రం సచ్చుడే," అన్నాడు. గుమ్మం వైపు చూసి, "ఈ పిలగాడు అబద్ధం ఆడుతలేడు," అన్నాడు.

నా ఉద్యోగం మొత్తంలో నేను ఇచ్చిన అతి మంచి మార్కులు ఆ రోజు రఘురాంకు ఇచ్చినవే. తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు, తెలుసుకుని వచ్చి చెప్పాడు. ఇంతకుమించి ఏ డాక్టరుకూ నేను నేర్పగలిగింది లేదు.

సులోచన, రఘురాం ఇద్దరూ రామగుండంలో రైలెక్కి రాజలింగుతో పట్నం వెళ్ళారు. బుగ్గలో కొంత భాగం కోసి తీసేశారు, తర్వాత కరెంటు పెట్టారు. తిరిగి వచ్చేసరికి ముఖం ఒకవైపు లోపలికి పోయింది, నీళ్ళు తాగితే కొంచెం కారేవి. కానీ బతికాడు. బావి పైన, కిందికి దిగేవాళ్ళకు దీపాలు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. నేను ఆ దవాఖాన వదిలేదాకా ఏటా వచ్చి చూపించుకున్నాడు.

రఘురాం లెక్కింపు మళ్ళీ మొదలైంది. ఆలస్యమైందని అతని గురువు చాలాకాలం నన్ను తిట్టుకున్నారని విన్నాను. కానీ అంతకుముందు మనుషులు తంబాకు ఎన్నేళ్ళుగా పెడుతున్నారో అడిగితే తగ్గించి చెప్పేవారు. ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నిజం వినాలంటే ముందు నిజం చెప్పి ఉండాలి. పరిశోధనకు ఇది దయాధర్మం కాదు, పద్ధతి.

బెల్లంపల్లి

సులోచన కొన్నేళ్ళకు బెల్లంపల్లికి బదిలీ మీద వెళ్ళింది. అక్కడ తనే శిక్షణ మొదలుపెట్టి, నన్ను వచ్చి చూడమంది. నా పద్ధతి ఎంతవరకు నిలిచిందో చూద్దామని కొంత గర్వంగానే బయల్దేరాను.

అక్కడ సగం మార్చేసింది. ఆమె దగ్గర శిక్షణలో డాక్టర్లకంటే నర్సులు ఎక్కువ. వాళ్ళ మొదటి మెట్టు ఓపీ కాదు, కార్మికుల ఇళ్ళ మధ్యనున్న నీళ్ళ పంపు. కార్మికుల భార్యల్లో గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ముదిరాకే బయటపడుతోందని ఆమె గమనించింది. తెల్లబట్ట అవుతోందని, వాసన వస్తోందని వాళ్ళు మగ డాక్టరుతో చెప్పరు. దవాఖానకే రారు.

"మీరేసిన తొవ్వ బాయి కాడ మొదలైతది మేడమ్," అంది సులోచన. "ఆడోళ్ళు బాయి కాడికి రారు గద."

అవును. నేను ఆడదాన్నే అయి ఉండి, ఆ దారిని మగవాళ్ళ నోళ్ళ చుట్టే వేశాను. దాన్ని నేర్చుకున్నమ్మాయి అక్కడ ఆగకుండా, లేనిచోటికి పొడిగించింది. పిల్లలూ, మీకు శిక్షణ ఇచ్చేవాళ్ళ పనితనం కొలవాలంటే వాళ్ళ శిష్యులు వాళ్ళను ఎంత బాగా అనుకరిస్తున్నారో చూడకండి. ఎక్కడ దాటిపోయారో చూడండి.

మరుసటి రోజు పొద్దున్న సులోచన నన్ను ఆ పంపు దగ్గరికి తీసుకెళ్ళింది. పక్క ఇంటి అరుగు ముందు ఒక బల్ల వేసి ఉంది. ఇద్దరు నర్సులు అప్పటికే ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడుతున్నారు. ఖాళీ బిందెను ఆ బల్ల మీద పెట్టుకుని నీళ్ళకు తన వంతు కోసం ఎదురుచూస్తున్న లచ్చవ్వ అనే ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సులోచనను అడిగింది, ఈమె ఎవరని. సులోచన నన్ను పొగడబోతోందని గ్రహించి నేనే వారించాను.

"నువ్వు గూడ నేర్సుకునేటందుకే అచ్చినవా అక్కా?" అంది లచ్చవ్వ.

"అవును, నేర్చుకునేటందుకే వచ్చిన," అన్నాను.

ఆమె తన బిందెను బల్ల మీదినుంచి కిందికి దించి, నాకు జాగా ఇచ్చింది.